ఇంజనీర్లను తీర్చిదిద్దిన ఇంజనీరు

నదులు ప్రవహించిన చోటనల్లా నాగరికతలు వెలిశాయి. నేలలో లోహం దొరికిన చోటనల్లా మానవుడు కొలిమి పెట్టుకొన్నాడు. అయితే నీరున్నంత మాత్రాన పంట పండదు. ఖనిజమున్నంత మాత్రాన పరిశ్రమ నిలవదు. ఆ నీటిని నిలిపి, ఆ ఖనిజాన్ని కరిగించి, ప్రకృతి ప్రసాదించిన సంపదను ప్రజల చేతికి అందించగల విద్యావంతులు కావాలి. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలోనే ఈ సత్యాన్ని గుర్తించి, ఆనకట్టలతో పాటు ఆనకట్టలు కట్టగల యువకులను, కర్మాగారాలతో పాటు కర్మాగారాలు నడపగల పట్టభద్రులను తయారుచేయడానికి పూనుకొన్న దార్శనికుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబర్ 15న మైసూరు సంస్థానంలోని చిక్కబళ్లాపురం సమీపాన గల ముద్దేనహళ్లి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరి పూర్వులు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని బేస్తవారిపేట ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం నుండి కన్నడ దేశానికి తరలివెళ్లారు. తరాలు గడిచినా ఆ వంశం ఇంటిపేరులో తన ఊరిని, ఇంటిలో తన తెలుగును నిలుపుకొంది.

ఆ ఇంట సిరిసంపదలు లేవు. చదువు మీద గౌరవం మాత్రం పుష్కలంగా ఉండేది. చిన్ననాటనే తండ్రి మరణించడంతో కుటుంబం కష్టాల పాలైంది. చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగించుకొన్న విశ్వేశ్వరయ్య పైచదువుకై బెంగుళూరు చేరారు. అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పుతూ, ఆ సంపాదనతో తాను చదువుకొంటూ, సెంట్రల్ కళాశాల నుండి 1881లో బి.ఏ. పట్టం పొందారు. ఒకరికి నేర్పుతూ తాను నేర్చుకోవడం ఆనాడు ఆయనకు బతుకుతెరువు. తరువాతి కాలంలో అదే ఆయన స్వభావమైంది.

ఇంజనీరు కావాలన్నది ఆయన కోరిక. కాని ఆ రోజుల్లో మైసూరు సంస్థానంలో ఇంజనీరింగు కళాశాల ఒక్కటి కూడా లేదు. ఆ విద్య నేర్వదలచిన వారు మద్రాసుకో, పూనాకో పోవలసిందే. అంత దూరం పోయి, అక్కడ ఉండి చదివే స్తోమత ఎందరికి ఉంటుంది? మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనం పుణ్యమా అని విశ్వేశ్వరయ్య పూనాలోని సైన్సు కళాశాలలో చేరగలిగారు. 1883లో జరిగిన ఇంజనీరింగు పరీక్షలో ప్రథమస్థానంలో ఉత్తీర్ణులై బహుమతి పొందారు. ప్రభుత్వ సహాయం అందకపోయి ఉంటే తన చదువు బి.ఏ.తోనే ఆగిపోయేదన్న సంగతి ఆయన మరువలేదు. ముప్పై నాలుగేళ్ల తరువాత ఆయన చేసిన ఒక గొప్ప కార్యానికి బీజం ఇక్కడే పడింది.

1884లో బొంబాయి రాష్ట్ర ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా ఆయన ఉద్యోగ జీవితం ఆరంభమైంది. పుస్తకాలలో నేర్చినది వేరు, పొలం గట్టు మీద, నది ఒడ్డున ఎదురయ్యే సమస్య వేరు అని ఆ తొలి సంవత్సరాలలోనే ఆయన గ్రహించారు. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి మంచినీరు అందించే పని ఆయనకు అప్పగించారు. నదిలో నీటికి కొదవ లేదు. కాని అది బురదతో నిండి ఉండేది. ఆ నీటిని తేర్చడానికి కావలసిన వడపోత తొట్లు కట్టించేంత ధనం ఆ పురపాలక సంఘం వద్ద లేదు. అప్పుడు విశ్వేశ్వరయ్య నది అంచున ఇసుక పొరలలో బావి తవ్వించి, ఆ ఇసుక గుండానే నీరు ఊరి బావిలో చేరే ఏర్పాటు చేశారు. ఏ నది బురద నీటిని ఇచ్చిందో, ఆ నది ఇసుకే దానిని వడగట్టింది. ఆ నీటిని యంత్రాలతో గుట్ట మీది తొట్టికి ఎక్కించి పట్టణానికి పంపిణీ చేశారు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఇంజనీరు అంటే ఎంత ధనమైనా వెచ్చించి పని సాధించేవాడు కాదని, చేతిలో ఉన్న దానితోనే మార్గం కనుగొనేవాడని ఈ ఉదంతం నిరూపించింది.

1899లో దక్కను కాలువల క్రింద ఆయన ప్రవేశపెట్టిన బ్లాకు సేద్య విధానం మరొక మెట్టు. కాలువ నీటిని కొద్దిమంది విచ్చలవిడిగా వాడుకొని, తక్కినవారు ఎండిపోయే పరిస్థితిని మార్చడానికి, ఆయకట్టును భాగాలుగా విభజించి, పంటల మార్పిడి ననుసరించి వంతులవారీగా నీరందించే పద్ధతి అది. 1903లో పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులు అమర్చారు. వరద మట్టం ఒక హద్దు దాటగానే ఈ తలుపులు తమంత తాము తెరుచుకొని అదనపు నీటిని వదిలివేసి, మట్టం తగ్గగానే మూసుకొంటాయి. దీనివల్ల ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలువచేయడం సాధ్యమైంది. ఆ రూపకల్పనకు పేటెంటు పొందినా, కొలువులో ఉండగా చేసిన పని కనుక దానిపై తనకు రాగల ప్రతిఫలాన్ని ఆయన స్వీకరించలేదు.

ఈ మధ్య కాలంలోనే, 1898లో, ఆయన జపాను దేశం వెళ్లారు. కొన్ని దశాబ్దాల క్రితం వరకు మనవలెనే వ్యవసాయం, చేతివృత్తులపై ఆధారపడిన ఆ చిన్న దేశం పాఠశాలలను, సాంకేతిక విద్యాలయాలను, కర్మాగారాలను ఒకదానితో ఒకటి ముడివేసి ముందుకు సాగడం ఆయన కళ్లారా చూశారు. పాఠశాల నుండి బయటకు వచ్చిన యువకుడికి అక్కడ కర్మాగారం ద్వారం తెరిచి ఉంది. కర్మాగారానికి కావలసిన నిపుణుడిని పాఠశాల సిద్ధం చేస్తోంది. మన దేశంలో ఈ రెండు ద్వారాలూ మూసే ఉన్నాయి. ఇంజనీరింగు చదివినవారికి ప్రభుత్వ ప్రజాపనుల శాఖ తప్ప మరొక గతి లేదు. అక్కడ సైతం ఉన్నత స్థానాలు ఆంగ్లేయులకే దక్కేవి. ఎందరో సీనియర్లను దాటుకొని పైకి వచ్చిన విశ్వేశ్వరయ్యకు కూడా చీఫ్ ఇంజనీరు పదవి అందని మ్రానిపండే అయింది. ఈ స్థితిలో ఆయన పదోన్నతి కోసం నిరీక్షిస్తూ కూర్చోక, 1908లో బొంబాయి కొలువుకు స్వస్తి చెప్పి విదేశ పర్యటనకు బయలుదేరారు.

ఆ సంవత్సరం సెప్టెంబర్ 28న హైదరాబాదు నగరాన్ని మూసీ నది ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఇళ్లు కూలి, వంతెనలు దెబ్బతిని, నగరం శోకసముద్రమైంది. ఇట్టి విపత్తు మరల రాకుండా ఉపాయం సూచించవలసిందిగా నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను కోరింది. 1909లో ఆయన హైదరాబాదు చేరి, వర్షపాతం లెక్కలు, నది వాలు, ఎగువన ఉన్న చెరువుల స్థితి ఇవన్నీ పరిశీలించారు. వరద నీటిని నగరం వద్ద అడ్డుకోవడం వ్యర్థమని, అది నగరానికి చేరకముందే ఎగువన నిలిపివేయాలని ఆయన తేల్చిచెప్పారు. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద మరొకటి జలాశయాలు నిర్మించాలన్న ఆ ఆలోచన నుండే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అవతరించాయి. వరదను ఆపడానికి తలపెట్టిన జలాశయాలే తరువాత నగరవాసుల దాహం తీర్చాయి. నగరంలో భూగర్భ మురుగుకాలువల వ్యవస్థకు కూడా ఆయనే రూపకల్పన చేశారు.

హైదరాబాదులో పని సాగుతుండగానే మైసూరు సంస్థానం ఆయనను చీఫ్ ఇంజనీరుగా ఆహ్వానించింది. సొంత సంస్థానం, గొప్ప పదవి. మరొకరైతే వెంటనే అంగీకరించి ఉండేవారు. విశ్వేశ్వరయ్య మాత్రం జీతభత్యాల ప్రస్తావన తేలేదు. సాంకేతిక విద్యను, పరిశ్రమలను పెంపొందించే ఉద్దేశం ప్రభుత్వానికి ఉన్నదా అని తెలుసుకోగోరారు. రోడ్లు, భవనాలు మరమ్మతు చేయించే అధికారిగా కాలం గడపడం ఆయనకు ఇష్టం లేదు. అనుకూలమైన సమాధానం వచ్చిన తరువాతనే, 1909 నవంబరులో, ఆ పదవిని స్వీకరించారు.

మైసూరులో ఆయనకు మొదట ఎదురైన సమస్య విద్యుత్తుది. కావేరీ నది శివసముద్రం వద్ద కొండల మీదుగా దూకే జలపాతం నుండి 1902లోనే విద్యుదుత్పత్తి మొదలైంది. ఎత్తు నుండి పడే నీరు టర్బైను చక్రాలను తిప్పుతుంది; ఆ చక్రాలు జనరేటర్లను తిప్పి విద్యుత్తును పుట్టిస్తాయి. ఆ విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోలారు బంగారు గనులకు తీగల మీద ప్రయాణించేది. ఆనాటి ప్రపంచంలోని పొడవైన విద్యుత్ మార్గాలలో అది ఒకటి. 1905లో బెంగుళూరు వీధులలో కూడా విద్యుద్దీపాలు వెలిగాయి. అయితే ఈ వెలుగు వెనుక ఒక చీకటి కోణం ఉంది. వర్షాకాలంలో పొంగిపొరలే కావేరి వేసవిలో సన్నగిల్లేది. నీరు తగ్గితే చక్రం మందగిస్తుంది. చక్రం మందగిస్తే వందల అడుగుల లోతున గనులలో నీరు తోడే యంత్రాలకు, మనుషులను పైకి తెచ్చే యంత్రాలకు శక్తి చాలదు. గనులకు ఇంత విద్యుత్తు సరఫరా చేస్తామని ప్రభుత్వం ఒప్పందం చేసుకొన్నది. ఆ మాట నిలుపుకోవాలంటే వాననీటిని వేసవి దాకా దాచిపెట్టే జలాశయం అవసరం.

ఈ అవసరం నుండి పుట్టినదే కన్నంబాడి వద్ద నిర్మితమైన కృష్ణరాజసాగరం. విద్యుత్తుకు, సేద్యానికి ఉమ్మడిగా ఉపయోగపడేలా విశ్వేశ్వరయ్య ఈ జలాశయానికి ప్రణాళిక సిద్ధం చేశారు. రెండు కోట్ల రూపాయలకు పైబడిన అంచనా చూసి ఆర్థికశాఖ వారు భయపడ్డారు. అంత విద్యుత్తు ఎవరు కొంటారు, అంత నీరు ఎవరు వాడతారు అని ప్రశ్నించారు. తన పథకానికి విలువ లేనిచోట తనకు పని లేదని ఆయన సంస్థానం విడిచిపోవడానికి సైతం సిద్ధపడ్డారు. చివరకు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు అనుమతి లభించి, 1911లో పని మొదలైంది. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం తెలపడంతో తొలిదశలో తక్కువ ఎత్తుకే అనుమతి లభించింది. కాని ఏనాటికైనా ఆనకట్ట పూర్తి ఎత్తుకు లేస్తుందన్న నమ్మకంతో పునాదులను మాత్రం అందుకు తగినంత వెడల్పుగానే వేయించారు. రెండు ప్రభుత్వాల నడుమ వివాదం 1924 నాటి ఒప్పందంతో ఒక కొలిక్కి వచ్చింది.

వేలాది కూలీలు రాత్రింబగళ్లు శ్రమించారు. మలేరియా జ్వరాలు, వరదలు పనికి అడ్డుతగిలాయి. సిమెంటు విరివిగా దొరకని ఆ కాలంలో సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీ గచ్చుతోనే రాయిమీద రాయి పేర్చి కట్టారు. కన్నంబాడితో పాటు పలు గ్రామాలు నీట మునిగాయి. అక్కడి ప్రజలు తరతరాల ఇళ్లను, గుళ్లను విడిచి వేరొకచోటికి తరలవలసి వచ్చింది. ఏ మహానిర్మాణం వెనుకనైనా ఇట్టి త్యాగం ఉంటుందని, దానిని మరువరాదని కృష్ణరాజసాగరం గుర్తుచేస్తుంది. 1930 దశకపు ఆరంభానికి పూర్తి రూపం దాల్చిన ఈ జలాశయంలో 124 అడుగులకు పైగా నీరు నిలుస్తుంది. శివసముద్రం యంత్రాలకు ఏడాది పొడవునా నీరు అందింది. మండ్య ప్రాంతపు మెట్టభూములు చెరకు తోటలయ్యాయి. ఆ చెరకు మీద ఆధారపడి 1933లో మండ్యలో పంచదార కర్మాగారం వెలసింది. నీరు విద్యుత్తును, పంటను ఇచ్చింది. పంట పరిశ్రమను ఇచ్చింది.

ఈ పనులన్నింటినీ నడిపించేటప్పుడు విశ్వేశ్వరయ్యకు అడుగడుగునా ఒక లోటు కనిపించేది. పథకాలకు కొదవ లేదు, ధనం కూడా ఏదో విధంగా సమకూరేది. దొరకనిది శిక్షణ పొందిన మనుషులు. యంత్రం కొనాలంటే విదేశం. దానిని బిగించాలంటే విదేశీయుడు. అది చెడిపోతే బాగుచేయడానికి మరల విదేశీయుడే. ఇలా ఎంతకాలం? తన మేధను అరువు తెచ్చుకొన్నంత కాలం ఏ సంస్థానమూ, ఏ దేశమూ తన కాళ్లపై నిలబడజాలదని ఆయన అభిప్రాయపడ్డారు. 1911లో ఆయన ప్రోత్సాహంతో ఏర్పడిన మైసూరు ఆర్థిక సదస్సు వ్యవసాయం, విద్య, పరిశ్రమలు అనే మూడు రంగాలను కలిపి చర్చించడానికి వేదికైంది. ఈ మూడూ వేర్వేరు శాఖలు కావని, ఒకే చెట్టు కొమ్మలని ఆ సదస్సు ప్రజలకు చాటింది.

1912 నవంబరులో ఆయన మైసూరు దివాను అయ్యారు. ఇంజనీరు దివాను కావడం ఆ సంస్థానానికి కొత్త. పదవి స్వీకరించేముందు తన బంధువులను పిలిచి, ఎవరూ తన వద్దకు సిఫారసుల కోసం రాకూడదని మాట తీసుకొన్నారని ప్రతీతి. 1913లో మైసూరు బ్యాంకు స్థాపన జరిగింది. అదే ఏడు ప్రాథమిక విద్యకు సంబంధించిన చట్టం వచ్చి, బడిఈడు పిల్లలు తప్పక చదవాలన్న నియమానికి నాంది పలికింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఆవిర్భవించింది. స్వదేశీ సంస్థానాలలో ఏర్పడిన మొట్టమొదటి విశ్వవిద్యాలయం అదే. గంధపు చెక్కను పచ్చి సరుకుగా విదేశాలకు పంపే బదులు ఇక్కడే నూనె తీసే కర్మాగారం నెలకొంది. ఆ నూనెతో సబ్బు తయారుచేసే కర్మాగారం కూడా తోడైంది. ప్రతి పరిశ్రమా ఒక పాఠశాల కావాలని, ప్రతి పాఠశాలా ఒక పరిశ్రమకు దారి చూపాలని ఆయన ఆశించారు.

1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైంది. మైసూరు సంస్థానంలో అదే మొదటిది. సివిల్, మెకానికల్ అనే రెండు శాఖలతో అది మొదలైంది. ముప్పై నాలుగేళ్ల క్రితం విద్యార్థి వేతనం చేతపట్టుకొని పూనాకు పోయి చదువుకొన్న పేద విద్యార్థి, తన తరువాతి తరంవారు అంత దూరం పోవలసిన అవసరం లేకుండా చేశాడు. రోడ్లు, భవనాలకే పరిమితమైన సివిల్ విద్యతో పాటు యంత్రశాస్త్రానికి కూడా సమాన స్థానం కల్పించడంలో ఒక దూరదృష్టి ఉంది. విద్యుత్కేంద్రం, గని, కర్మాగారం ఇవే రానున్న కాలంలో యువకులకు ఉపాధి చూపుతాయని ఆయన ఊహించారు. ఆ కళాశాల తరువాత ఆయన పేరునే ధరించి, శతవర్షాలు దాటి నేటికీ విద్యాదానం చేస్తోంది.

దివాను పదవీకాలం చివర ఒక తీవ్రమైన సమస్య తలెత్తింది. ప్రభుత్వోద్యోగాలు ఒక్క వర్గం చేతిలోనే కేంద్రీకృతమయ్యాయని, వెనుకబడిన వర్గాలకు తగిన ప్రాతినిధ్యం కల్పించాలని ఉద్యమం బయలుదేరింది. ఈ విషయమై 1918లో మహారాజు ఒక సంఘాన్ని నియమించారు. ప్రతిభ ఒక్కటే ఎంపికకు ప్రమాణం కావాలన్నది విశ్వేశ్వరయ్య నమ్మకం. విద్యను విస్తరింపజేస్తే అన్ని వర్గాలవారూ కాలక్రమాన పైకి రాగలరని ఆయన వాదించారు. తరతరాలుగా అక్షరానికి దూరమైనవారికి ముందుగా అవకాశమే లేకపోతే ప్రతిభ వెలుగు చూసేది ఎట్లా అన్నది అవతలివారి ప్రశ్న. మహారాజు ఆ ప్రశ్నలోని న్యాయాన్ని గుర్తించారు. అభిప్రాయభేదం తీరక విశ్వేశ్వరయ్య పదవి నుండి వైదొలిగారు. దేశం తదనంతర కాలంలో నడిచిన దారి మహారాజు ఎంచుకొన్న దారికే దగ్గరగా ఉంది. మహనీయుల జీవితాలను చదివేటప్పుడు వారి ఔన్నత్యంతో పాటు వారి అభిప్రాయాలకున్న పరిమితులను కూడా గ్రహించడం వివేకవంతుల లక్షణం.

పదవి పోయినా పని ఆయనను విడువలేదు. 1921-22లో బొంబాయి ప్రభుత్వం సాంకేతిక, పారిశ్రామిక విద్యపై నియమించిన సంఘానికి ఆయన అధ్యక్షత వహించారు. 1923లో భారత సైన్సు కాంగ్రెసు సమావేశానికి అధ్యక్షులయ్యారు. ఆ సంవత్సరమే ఆయన జీవితంలోకెల్లా కఠినమైన పరీక్ష ఎదురైంది.

అది భద్రావతి ఇనుప కర్మాగారం. దివానుగా ఉన్నప్పుడు ఆయనే దానిని తలపెట్టారు. మైసూరు కొండలలో మేలైన ఇనుప ఖనిజం ఉంది. కాని దానిని కరిగించడానికి నేలబొగ్గు లేదు. అందుచేత అడవి కట్టెను కాల్చి తీసిన బొగ్గుతో కొలిమిని నడిపే పద్ధతి ఎంచుకొన్నారు. కట్టెను బట్టీలలో కాల్చేటప్పుడు వెలువడే ఆవిరిని చల్లార్చి మద్యసారం, తారు వంటి ఉపపదార్థాలను రాబట్టే ఏర్పాటు కూడా ఉంది. అమెరికా నిపుణుల పర్యవేక్షణలో నిర్మాణం జరిగి 1923 జనవరిలో ఉత్పత్తి మొదలైంది. కాని మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆకాశాన్నంటిన ఇనుము ధర అప్పటికి నేలకు దిగింది. నిర్మాణ వ్యయం అంచనాలను మించింది. విదేశీ నిపుణుల జీతాలు తలకు మించిన భారమయ్యాయి. కర్మాగారం నష్టాలలో కూరుకుపోయింది. ప్రజాధనం అడవిలో తగులబెట్టారని విమర్శకులు దుయ్యబట్టారు. మూసివేయడమే మేలని పలువురు సలహా ఇచ్చారు.

అటువంటి తరుణంలో ప్రభుత్వం పాలకమండలి అధ్యక్షత వహించవలసిందిగా విశ్వేశ్వరయ్యను కోరింది. ఆయనకు అప్పటికి అరవై రెండేళ్లు. విశ్రాంతి తీసుకోదగిన వయస్సు. ఈ పని చేపట్టి విఫలమైతే జీవితకాలపు కీర్తి మసకబారుతుంది. అయినా ఆయన వెనుకంజ వేయలేదు. ఒక కర్మాగారం మూతపడితే పోయేది ధనం మాత్రమే కాదని ఆయనకు తెలుసు. భారతీయులు పెద్ద పరిశ్రమలు నడపలేరన్న మాట స్థిరపడిపోతుంది. ఇంజనీరింగు కళాశాల నుండి అప్పుడప్పుడే బయటికి వస్తున్న యువకులకు పరిశ్రమ ద్వారం తెరుచుకోకముందే మూసుకుపోతుంది.

1923 నుండి 1929 వరకు ఆయన భద్రావతి బాధ్యత వహించారు. క్రమక్రమంగా విదేశీ నిపుణుల స్థానాలలో భారతీయ ఇంజనీర్లను నియమించారు. కళాశాల పట్టా చేతపట్టుకొని వచ్చిన యువకులకు కొలిమి వద్ద, యంత్రశాల వద్ద పని అప్పగించి, పనిలోనే శిక్షణ లభించే అవకాశం కల్పించారు. పట్టభద్రుడైనంత మాత్రాన చేతికి మసి అంటరాదన్న భావన ఆయనకు గిట్టదు. కొలిమిలో ఎంత ఖనిజం పోశారు, ఎంత బొగ్గు కాలింది, ఎంత ఇనుము దిగింది, ఒక టన్నుకు ఎంత వ్యయమైంది అన్నది లెక్క ప్రకారం తేలాలి. ఎక్కడ వృథా జరుగుతోందో కనుగొనాలి. కనుగొన్నదానిని కాగితం మీద స్పష్టంగా వ్రాయగలగాలి. ఆ శాస్త్రం, ఆ శ్రమ, ఆ లెక్క మూడూ తెలిసినవాడే పరిశ్రమకు పనికివచ్చే ఇంజనీరు అని ఆయన విశ్వాసం. వ్యయం తగ్గింది. పోతఇనుప గొట్టాలు పోసే విభాగం తోడైంది. భద్రావతి ఇనుము అమెరికా విపణికి సైతం చేరింది. మూతపడుతుందనుకొన్న కర్మాగారం నిలదొక్కుకొని, తరువాతి కాలంలో ఉక్కు, సిమెంటు తయారీకి విస్తరించి, చివరకు ఆయన పేరునే తన పేరుగా చేసుకొంది.

భద్రావతిలో చేసిన సేవకు ఆయన అప్పటికప్పుడు వేతనం పుచ్చుకోలేదు. తరువాత ప్రభుత్వం ప్రతిఫలంగా పెద్ద మొత్తం ఇవ్వజూపినప్పుడు, దానితో యువకులకు వృత్తివిద్య నేర్పే ఒక సంస్థను నెలకొల్పవలసిందని ఆయన కోరారు. కళాశాలలు ఇంజనీర్లను తయారుచేస్తున్నాయి. కాని ఇంజనీరుకు, కార్మికుడికి నడుమ నిలిచి యంత్రాన్ని చక్కగా నడిపించే నైపుణ్యం గలవారు లేనిదే ఏ కర్మాగారమూ సాగదు. ఈ లోటు తీర్చడానికి 1943లో బెంగుళూరులో ఆ వృత్తివిద్యాలయం వెలసింది. దానికి తన పేరు పెట్టడానికి ఆయన సమ్మతింపలేదు. మైసూరు మహారాజు జయచామరాజేంద్రుని పేర అది ప్రసిద్ధమైంది. సొంత ఆర్జనను విద్యాలయంగా మార్చి, దాని మీద తన పేరు లేకుండా చూచుకొన్న నిరాడంబరత ఎందరికి సాధ్యం?

1927 నుండి దాదాపు మూడు దశాబ్దాల కాలం ఆయన టాటా ఉక్కు సంస్థ డైరెక్టర్లలో ఒకరుగా కొనసాగారు. దేశానికంతటికీ ఒక ఆర్థిక ప్రణాళిక అవసరమని ప్రతిపాదిస్తూ 1934లో గ్రంథం వెలువరించారు. స్వతంత్ర భారతం పంచవర్ష ప్రణాళికలు చేపట్టడానికి ఎన్నో ఏళ్ల ముందుమాట అది. మోటారు వాహనాలు దేశంలోనే తయారుకావాలని 1935లో యూరపు, అమెరికాలలోని కర్మాగారాలు చూచివచ్చి పథకం రచించారు. 1941లో అఖిల భారత ఉత్పత్తిదారుల సంఘాన్ని స్థాపించారు. తొంబై ఏళ్లు దాటిన వయస్సులో గంగానదిపై వంతెనకు అనువైన స్థలం నిర్ణయించే సంఘానికి నాయకత్వం వహించి, బీహారులోని మొకామా వద్ద వంతెన నిర్మాణానికి దారిచూపారు.

ఆయన నిత్యజీవితం గడియారపు ముల్లు వలె సాగేది. వస్త్రధారణలో శుభ్రత, మాటలో పొదుపు, సమయపాలనలో ఖచ్చితత్వం ఆయన ఆభరణాలు. ఆలస్యంగా రావడం ఎదుటివారి కాలాన్ని అపహరించడమని భావించేవారు. ఏ నివేదికనైనా పలుమార్లు దిద్ది, అనవసరమైన మాట ఒక్కటి కూడా లేకుండా చేసిన తరువాతనే సంతకం చేసేవారు. ఈ క్రమశిక్షణను ఆయన ఉపన్యాసాల ద్వారా బోధించడం కంటె ఆచరణ ద్వారానే తన వద్ద పనిచేసే యువ ఇంజనీర్లకు అలవరచారు.

1915లో బ్రిటిషు ప్రభుత్వం ఆయనను సర్ బిరుదుతో గౌరవించింది. 1955లో స్వతంత్ర భారతం భారతరత్న పురస్కారం సమర్పించింది. నిండు నూరేళ్లు జీవించిన ఆ కర్మయోగి 1962 ఏప్రిల్ 14న బెంగుళూరులో పరమపదించారు. ముద్దేనహళ్లిలోనే ఆయనకు అంత్యక్రియలు జరిగాయి. ఏ పల్లె నుండి బయలుదేరారో, ఆ పల్లె మట్టిలోనే ఆయన కలిశారు.

1968 నుండి ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 15ను మన దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటోంది. కర్ణాటకలోని సాంకేతిక విశ్వవిద్యాలయం 1998లో ఆయన పేరనే ఏర్పడింది. మూసీ వరద గాయం మాన్పిన ఆ మహనీయుని విగ్రహం హైదరాబాదులో ఖైరతాబాదు కూడలిలో ఇంజనీర్ల సంస్థ చెంత దర్శనమిస్తుంది.

నేడు వేలాది కళాశాలలు లక్షలాది ఇంజనీరింగు పట్టభద్రులను తయారుచేస్తున్నాయి. విద్యుత్తు నీటి నుండే గాక ఎండ నుండి, గాలి నుండి కూడా పుడుతోంది. యంత్రాలు మారాయి, పరిశ్రమల స్వరూపం మారింది. అయినా కళాశాల గడప దాటి కర్మాగారం గడప తొక్కే యువకుడికి ఎదురయ్యే ప్రశ్న మాత్రం మారలేదు. నేర్చిన విద్యను చేతిలోని పనికి అన్వయించడం ఎట్లా? ఆ ప్రశ్నకు విశ్వేశ్వరయ్య జీవితమే సమాధానం. సుక్కూరు ఇసుకలో బావి తవ్వించిన నాటి నుండి భద్రావతి కొలిమిని ఆరిపోకుండా కాపాడిన నాటి వరకు ఆయన చేసినది ఒక్కటే: ఉన్నదానిని శ్రద్ధగా పరిశీలించడం, లెక్క తప్పకుండా ఆలోచించడం, తలపెట్టిన పనిని మధ్యలో విడువకపోవడం. ఆయన కట్టించిన ఆనకట్టలలో నీరు ఏటా నిండుతుంది, ఏటా తరుగుతుంది. ఆయన తెరిచిన విద్యాలయాల నుండి వెలువడే యువశక్తి మాత్రం తరగని ప్రవాహమై దేశాన్ని సస్యశ్యామలం చేస్తూనే ఉంటుంది.